ఆవు పాలు పడని పసిబిడ్డకు ఫార్ములా ఎంచుకోవడం ఎలా?

"పాలు పడటం లేదు" అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. బిడ్డ పాలు కక్కినా అదే మాట, విరేచనాలైనా అదే మాట, ఒళ్లంతా దద్దుర్లు లేచినా అదే మాట. కానీ వీటి వెనక ఉండే కారణాలు వేరు, ఇవ్వాల్సిన ఫార్ములా (పాలపొడి) డబ్బాలు కూడా వేరు. ఒక బిడ్డకు సరిపోయిన డబ్బా మరో బిడ్డకు ప్రమాదం తేవచ్చు.

మా అబ్బాయికి మూడో నెలలో ఆవు పాల అలర్జీ బయటపడింది. డాక్టరు రాసిచ్చిన డబ్బా మందుల దుకాణంలో లేదు. "ఇదీ అలాంటిదే" అంటూ అక్కడివారు ఇంకొకటి చేతిలో పెట్టారు. డబ్బా మీద "హెచ్.ఎ." (హైపోఅలర్జెనిక్) అని పెద్ద అక్షరాలతో ఉంది, అంటే అలర్జీ రానిదేననుకుని తెచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత కూడా విరేచనంలో రక్తపు చారలు తగ్గలేదు. తప్పు నాదే. డబ్బా ముందు వైపు చూశాను గానీ వెనక్కి తిప్పి చదవలేదు. ఆ డబ్బా వెనక ఏమి చదవాలో, అంతకన్నా ముందు బిడ్డలో ఏమి గమనించాలో ఇక్కడ వరుసగా చెబుతాను. రోగ నిర్ధారణ డాక్టరు పని. ఆ డాక్టరుతో తెలివిగా మాట్లాడగలగడం మన పని.

ముందు గడియారం చూడండి

ఫార్ములా ఎంపికలో మొదటి ప్రశ్న ఏ డబ్బా కొనాలన్నది కాదు. పాలు తాగిన ఎంతసేపటికి లక్షణాలు కనిపించాయన్నదే మొదటి ప్రశ్న. ఒక చిన్న పుస్తకం తీసుకుని పాలు పట్టిన సమయం, ఎన్ని మిల్లీలీటర్లు తాగాడు, ఏమైంది, ఎప్పుడైంది అన్నవి రాసుకోండి. దద్దుర్లు వస్తే ఫొటో తీయండి. ఆసుపత్రికి చేరేలోపు అవి మాయమైపోతాయి, అప్పుడు మన మాట తప్ప ఆధారమేమీ మిగలదు.

కొందరు పిల్లలకు పాలు తాగిన నిమిషాల్లోనే, లేదా రెండు గంటల లోపు ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. పెదవులు, కళ్ల చుట్టూ ఉబ్బుతాయి, వాంతి అవుతుంది, ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తాయి. ఇది ఐజీఈ అనే ప్రతిరక్షకం వల్ల వచ్చే తక్షణ అలర్జీ. రక్త పరీక్షలోను, చర్మం మీద చేసే ప్రిక్ టెస్టులోను దీని జాడ దొరుకుతుంది. పరీక్ష ఒక్కటే చాలదు, జరిగినదాని కథతో అది సరిపోలాలి. శ్వాస కష్టమైనా, బిడ్డ పాలిపోయి వేలాడిపోయినా, గొంతు బొంగురుపోయినా ఇది అనఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి వచ్చే తీవ్ర అలర్జీ కావచ్చు. అప్పుడు పుస్తకంలో రాస్తూ కూర్చోకండి. వెంటనే అత్యవసర సేవలకు ఫోను చేయండి. డాక్టరు అడ్రినలిన్ ఇంజెక్షన్ ముందే ఇచ్చి ఉంటే అది వేయండి.

ఇంకొందరికి అలర్జీ నింపాదిగా వస్తుంది. రెండు గంటల నుంచి రెండు మూడు రోజుల వరకు ఎప్పుడైనా లక్షణాలు మొదలు కావచ్చు. విరేచనంలో జిగురు, రక్తపు చారలు, విడవని వాంతులు, తగ్గని ఎగ్జిమా, బరువు పెరగకపోవడం ఇందులోవే. దీన్ని ఐజీఈతో సంబంధం లేని అలర్జీ అంటారు. దీనికి రక్త పరీక్ష లేదు. పాలు మానేస్తే తగ్గాలి, మళ్లీ ఇస్తే తిరిగి రావాలి. అదే రుజువు.

వీటితో పాటు మూడోది ఒకటుంది, ఎఫ్‌పీఐఈఎస్ అంటారు. ఆహారంలోని ప్రొటీన్ పడక పేగులు వాచే జబ్బు ఇది. పాలు తాగిన గంట నుంచి నాలుగు గంటల మధ్య బిడ్డ ఆగకుండా వాంతులు చేసుకుంటాడు, తెల్లగా పాలిపోతాడు, ఒళ్లు మెత్తబడిపోతుంది. దద్దుర్లు ఉండవు. అందుకే దీన్ని ఇన్‌ఫెక్షన్ అని పొరబడటం మామూలే. ఇదే తీరు రెండోసారి కనిపిస్తే ఆ మాట మీరే డాక్టరుకు గుర్తు చేయండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలు కూడా పాలు కక్కుతారు, సాయంత్రాలు గుక్కపట్టి ఏడుస్తారు, బుగ్గల మీద చిన్న పొక్కులు తెచ్చుకుంటారు. బిడ్డ చక్కగా బరువు పెరుగుతూ, ఈ లక్షణాల్లో ఒకే ఒక్కటి తేలికగా ఉంటే, అలర్జీ అని ముద్ర వేయడానికి తొందరపడకూడదు. లేని అలర్జీకి ప్రత్యేక ఫార్ములా పట్టడం వల్ల ఖర్చుతో పాటు అసలు కారణం మరుగున పడుతుంది.

లాక్టోజ్ మీద నింద వేయకండి

పాలలో చక్కెర ఉంటుంది, దాని పేరు లాక్టోజ్. పాలలో ప్రొటీన్లు కూడా ఉంటాయి. పాలు విరిగినప్పుడు ముద్దగా గడ్డకట్టేది కేసీన్. తేటగా మిగిలే నీళ్లలో ఉండేవి వే ప్రొటీన్లు. ఆవు పాల ప్రొటీన్‌లో సుమారు 80 శాతం కేసీన్, 20 శాతం వే. అలర్జీ వచ్చేది ఈ ప్రొటీన్ల మీదే. లాక్టోజ్‌కు అలర్జీతో సంబంధం లేదు. అది అరగకపోతే కడుపు ఉబ్బరం, నీళ్ల విరేచనాలు వస్తాయి, అంతే. పుట్టుకతో లాక్టోజ్ అరగని పిల్లలు అత్యంత అరుదు. ఆ మాటకొస్తే తల్లిపాలలో లాక్టోజ్ ఆవు పాలలోకన్నా ఎక్కువే ఉంటుంది.

అందువల్ల "లాక్టోజ్ రహితం" అని రాసిన మామూలు డబ్బా ఆవు పాల అలర్జీకి మందు కాదు. అందులో లాక్టోజ్ మాత్రమే తీసేస్తారు, ప్రొటీన్ మొత్తం అలాగే ఉంటుంది. తక్షణ అలర్జీ ఉన్న బిడ్డకు అది పట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అలాగే అలర్జీ పిల్లల కోసం చేసిన కొన్ని ఫార్ములాల్లో లాక్టోజ్ ఉంటుంది. అది చూసి భయపడకండి. దాని వల్ల రుచి మెరుగవుతుంది, పేగుల్లో మేలు చేసే బ్యాక్టీరియాకు తిండి దొరుకుతుంది. పేగు బాగా దెబ్బతిని విరేచనాలు ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం కొన్నాళ్లు లాక్టోజ్ లేనిది ఇమ్మని డాక్టరు చెప్పవచ్చు.

తల్లిపాలు ఉన్నాయా?

ఉంటే, ఈ వ్యాసంలో మిగతా భాగం మీకు అవసరం కాకపోవచ్చు. అలర్జీ తేలగానే తల్లిపాలు మానిపించి డబ్బా మొదలుపెట్టడం చాలా చోట్ల జరిగే పొరపాటు. తల్లి తీసుకున్న పాల ప్రొటీన్ చనుబాలలోకి అతి స్వల్పంగా చేరుతుంది. చాలామంది పిల్లలకు ఆ మాత్రం వల్ల ఏమీ కాదు. తల్లిపాలతోనే లక్షణాలు వస్తున్నట్లు కనిపిస్తే రెండు నుంచి నాలుగు వారాలు తల్లి తన ఆహారంలో పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, చీజ్ వంటివన్నీ మాని చూడాలి. ఆ రోజుల్లో ఆమెకు రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, దానితో విటమిన్ డి అందేలా చూడాలి. ఈ సంగతి ఎవరూ గుర్తుచేయరు. బిడ్డలో మార్పేమీ లేకపోతే తల్లి తిరిగి మామూలుగా తినవచ్చు. నెలల తరబడి ఊరికే పస్తులుండటంలో అర్థం లేదు.

తల్లిపాలు చాలకపోయినా, లేకపోయినా ఫార్ములా కావాలి. ఇక డబ్బాల దగ్గరికి వద్దాం.

ఉత్తరాన్ని ఎంత చిన్నగా చింపారు?

ప్రొటీన్‌ను ఒక ఉత్తరం అనుకోండి. బిడ్డ ఒంట్లోని రోగ నిరోధక వ్యవస్థ అందులో ఒకటి రెండు పేర్లను శత్రువులుగా గుర్తు పెట్టుకుంది. ఆ పేరు కంటబడితే చాలు, దాడికి దిగుతుంది. ఉత్తరాన్ని నాలుగు ముక్కలుగా చింపితే ఏదో ఒక ముక్క మీద ఆ పేరు చదవడానికి వీలుగా మిగిలే ఉంటుంది. చిన్న చిన్న పేలికలుగా చింపితే పేరు దాదాపు ఎక్కడా పూర్తిగా ఉండదు. అసలు ఉత్తరమే లేకుండా విడి అక్షరాలు మాత్రమే ఇస్తే గుర్తుపట్టడానికేమీ ఉండదు. అలర్జీ ఫార్ములాల రహస్యమంతా ఇంతే. ఎంజైములతోను, వేడితోను ప్రొటీన్‌ను ముక్కలు చేయడాన్ని హైడ్రొలైజ్ చేయడం అంటారు.

నాలుగు ముక్కలుగా చింపినది పార్షియల్లీ హైడ్రొలైజ్డ్ ఫార్ములా. నేను తెచ్చిన "హెచ్.ఎ." డబ్బా ఇదే. "కంఫర్ట్" వంటి పేర్లతో కూడా ఈ రకం డబ్బాలు వస్తాయి. అలర్జీ ఉందని తేలిన బిడ్డకు ఇది పనికిరాదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు, నేను చేసిన తప్పు మీరు చేయరు.

పేలికలుగా చింపినది ఎక్స్‌టెన్సివ్‌లీ హైడ్రొలైజ్డ్ ఫార్ములా. పూర్తిగా విడగొట్టిన ఫార్ములా అని పిలుచుకుందాం. వే ప్రొటీన్లలో ముఖ్యమైన బీటా లాక్టోగ్లోబులిన్ బరువు సుమారు 18,000 డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం ఇది). ఈ రకం డబ్బాల్లో ముక్కలు చాలావరకు 3000 డాల్టన్ల లోపే ఉంటాయి. ఎక్కువమంది పిల్లలకు డాక్టర్లు మొదట రాసేది ఇదే. అలర్జీ నిర్ధారణ అయిన పిల్లల్లో కనీసం 90 శాతం మందికి ఇది పడుతుందని పరీక్షల్లో రుజువైతేనే ఇలాంటి ఫార్ములాను అలర్జీకి తగినదిగా ఒప్పుకుంటారు. ఇది కొత్త కనిపెట్టుడేమీ కాదు. కేసీన్‌ను ఇలా విడగొట్టి చేసిన న్యూట్రామిజెన్ 1942లోనే అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఈ రకంలో కొన్ని కేసీన్ నుంచి, కొన్ని వే నుంచి తయారవుతాయి. వే నుంచి చేసినవి రుచికి కొంత నయం.

పది శాతం లెక్క మిగిలిపోయింది కదా. ఆ పిల్లలకు పేలికల మీద మిగిలిన ఒకటి రెండు పేర్లు కూడా సరిపోతాయి దాడికి. వారికోసం విడి అక్షరాల డబ్బా ఉంది, అదే అమైనో ఆసిడ్ ఫార్ములా. ఇందులో పాల ప్రొటీన్ జాడే ఉండదు. ప్రొటీన్‌కు మూలమైన అమైనో ఆమ్లాలను విడివిడిగా కలిపి చేస్తారు. పూర్తిగా విడగొట్టిన ఫార్ములా సరిగ్గా రెండు నుంచి నాలుగు వారాలు ఇచ్చినా లక్షణాలు తగ్గని పిల్లలకు ఇది అవసరం. అనఫిలాక్సిస్ వచ్చిన పిల్లలకు, బరువు పెరగడం ఆగిపోయేంత తీవ్రంగా ఉన్నవారికి, చాలా ఆహారాలు ఒకేసారి పడనివారికి నేరుగా దీనితోనే మొదలుపెట్టడం ఉంటుంది. అనఫిలాక్సిస్ ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకు దీన్నే సూచిస్తూ వరల్డ్ అలర్జీ ఆర్గనైజేషన్ 2010లో డ్రాక్మా పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది.

"అన్నిటికన్నా భద్రమైనది అదే అయితే అందరికీ అదే ఇస్తే పోదా?" అని నేనూ అడిగాను. ఎందుకంటే అది అన్నిటికన్నా ఖరీదైనది, రుచి అన్నిటికన్నా అధ్వానం, ఎక్కువమందికి అంత అవసరమే లేదు. దాన్ని చాలాకాలం వాడే పిల్లల్లో, ముఖ్యంగా వేరే జబ్బులుండి గొట్టం ద్వారా అదొక్కటే తీసుకునే పిల్లల్లో, రక్తంలో ఫాస్ఫేట్ తగ్గి ఎముకలు బలహీనపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నెలల తరబడి ఇస్తున్నప్పుడు ఆ పరీక్ష గురించి డాక్టరును అడగడంలో తప్పులేదు.

సోయా, బియ్యం

సోయా ఫార్ములాలో పాల ప్రొటీన్ ఉండదు, రుచి బాగుంటుంది, ధర కూడా తక్కువ. అయినా మొదటి వరుసలో దాన్ని పెట్టరు. ఆవు పాలకు తక్షణ అలర్జీ ఉన్న పిల్లల్లో పదిమందికి ఒకరి చొప్పున సోయా కూడా పడదు. నింపాదిగా వచ్చే పేగు అలర్జీలో ఆ సంఖ్య ఇంకా ఎక్కువ. సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు, ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఉంటాయి. అందుకే ఐరోపా నిపుణులు ఆరు నెలల లోపు పిల్లలకు దీన్ని సూచించరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు అసలే వద్దు. ఆరు నెలలు దాటాక, పూర్తిగా విడగొట్టిన ఫార్ములాను బిడ్డ ఎంతకీ తాగనప్పుడు, సోయా పడుతుందని తేలాక, డాక్టరు ఒప్పుకుంటే ఇవ్వవచ్చు.

హైడ్రొలైజ్డ్ రైస్ ఫార్ములా అని మరొకటుంది. బియ్యంలోని ప్రొటీన్‌ను విడగొట్టి, అందులో తక్కువైన లైసిన్, థ్రియోనిన్ వంటి అమైనో ఆమ్లాలు చేర్చి తయారు చేస్తారు. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ దేశాల్లో ఇది చాలాకాలంగా వాడుకలో ఉంది. పాల జాడ లేదు, రుచి ఫరవాలేదు. దొరికే చోట ఇది మంచి దారే. బియ్యంలో ఆర్సెనిక్ చేరే అవకాశం ఉంది కాబట్టి దాని మోతాదును తయారీదారు వెల్లడించారో లేదో చూసుకోండి. దుకాణంలో దొరికే రైస్ డ్రింకు వేరు, ఇది వేరు. ఆ రెండింటినీ కలగలపకండి.

జోలికి పోకూడనివి

మేక పాలు తేలిక అన్న మాట ఎవరో ఒకరు తప్పక అంటారు. మేక, గొర్రె, గేదె పాలలోని ప్రొటీన్లు ఆవు పాల ప్రొటీన్లకు దగ్గరి చుట్టాలు. ఆవు పాలు పడని పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమందికి పైగా మేక పాలూ పడవు. మేక పాలతో చేసిన ఫార్ములాకూ ఇదే వర్తిస్తుంది. గాడిద, ఒంటె పాలు కొందరికి పడవచ్చు గానీ పసిబిడ్డ ఎదుగుదలకు కావలసిన పోషకాల లెక్క వాటిలో సరిపోదు.

బాదం, ఓట్లు, కొబ్బరి, బియ్యం పాలని అమ్మేవన్నీ పానీయాలే, ఏడాది లోపు బిడ్డకు ఆహారం కావు. వాటినే పాలుగా పట్టిన పిల్లలకు ప్రొటీన్ లోపంతో ఒళ్లు నీరుపట్టిన ఉదంతాలున్నాయి. ఇంట్లోనే ఫార్ములా తయారు చేసే పద్ధతులు ఎంత ప్రేమగా చెప్పినా వినకండి.

డబ్బాను వెనక్కి తిప్పండి

బ్రాండు పేర్లు దేశానికొకలా ఉంటాయి, కూర్పులు మారుతుంటాయి. అందుకే ఏది కొనాలో పేరు పెట్టి చెప్పను. డబ్బా వెనక పదార్థాల జాబితాలో ప్రొటీన్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. "హైడ్రొలైజ్డ్" అని ఉంటే దాని ముందు మాట చూడండి. "ఎక్స్‌టెన్సివ్‌లీ" అని ఉందా, "పార్షియల్లీ" అని ఉందా? ఏమీ లేకపోతే పార్షియల్ అనే అనుకుని పక్కన పెట్టండి. "ఆవు పాల ప్రొటీన్ అలర్జీకి ఆహార నియంత్రణ కోసం, వైద్య పర్యవేక్షణలో వాడాలి" అన్న అర్థం వచ్చే వాక్యం ఉందో లేదో చూడండి. జాబితాలో ప్రొటీన్ అన్న మాటే లేకుండా లైసిన్, ల్యూసిన్, గ్లూటమిన్ వంటి పేర్లు వరుసగా కనిపిస్తే అది అమైనో ఆసిడ్ ఫార్ములా. ఏ వయసుకో కూడా చూడండి. ఏడాది దాటిన పిల్లల డబ్బా మూడు నెలల బిడ్డకు తగదు.

"హైపోఅలర్జెనిక్" అన్న ఒక్క మాటను మాత్రం నమ్ముకోకండి. కొన్ని చోట్ల పూర్తిగా విడగొట్టిన వాటికే ఆ మాట వాడతారు. మరికొన్ని చోట్ల సగం విడగొట్టిన వాటి మీద కూడా కనిపిస్తుంది.

పాత పాల నుంచి కొత్త పాలకు

డబ్బా మూత తీయగానే వాసన మీకే తెలుస్తుంది. ఉడికిన బంగాళదుంప, పాత చీజ్, కొంచెం తడిసిన అట్టపెట్టె, ఈ మూడూ కలిసినట్లు ఉంటుంది. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని నాలుకతో చూడండి. ముందు పులుపు, వెనక చేదు. ప్రొటీన్‌ను ముక్కలు చేస్తే పుట్టే చేదు అది. మా వాడు మొదటి గుక్క నోట్లోనే ఉంచుకుని, నా ముఖంలోకి చూసి, నాలుకతో పీకను నెట్టేశాడు. మూడు నాలుగు నెలల లోపు పిల్లలు దీనికి తొందరగానే అలవాటు పడతారు. ఆరు నెలలు దాటాక మార్చితే కొంచెం పోరాటం తప్పదు.

తక్షణ అలర్జీ ఉన్న బిడ్డకు పాత ఫార్ములా అదే క్షణం ఆపేయాలి. రెండూ కలిపి పట్టడం కుదరదు. కొత్త ఫార్ములా మొదటిసారి ఎక్కడ ఇవ్వాలో, ఇంట్లోనా ఆసుపత్రిలోనా అన్నది డాక్టరునే అడగండి. నింపాది అలర్జీ తేలికగా ఉన్న బిడ్డకు, డాక్టరు సరేనంటే, మెల్లగా మార్చవచ్చు. 120 మిల్లీలీటర్ల సీసాలో మొదటి రోజు కొత్తది 30, పాతది 90. మర్నాడు చెరి సగం. మూడో రోజు కొత్తది 90, పాతది 30. నాలుగో రోజు మొత్తం కొత్తదే. రెండింటినీ వాటి వాటి కొలతల ప్రకారం విడిగా కలిపాకే ఒక సీసాలో పోయాలి. రెండు పొడులూ ఒకే నీళ్లలో వేయకూడదు. తల్లిపాలు తీసి కొత్త ఫార్ములాలో కలిపే వీలుంటే అంతకన్నా మంచిది లేదు, అందులో ఎవరికీ అభ్యంతరం ఉండదు.

బాగా ఆకలి మీద ఉన్నప్పుడు పట్టండి. ఏడుస్తున్నప్పుడు వద్దు. కొందరు పిల్లలు చల్లగా తాగుతారు. కాస్త పెద్ద పిల్లలకు మూత ఉన్న కప్పులో ఇస్తే వాసన ముక్కుకు తగలదు. చక్కెర, తేనె కలపకండి. ఏడాది లోపు తేనె ఎలాగూ ప్రమాదమే. మీ ముఖం కూడా కాస్త అదుపులో పెట్టుకోండి. మనం ముక్కు చిట్లిస్తే వాడికి అర్థమైపోతుంది.

మొదటి వారంలో విరేచనం ముదురు ఆకుపచ్చగా, పలుచగా వస్తుంది. నేను ఆ రాత్రి డాక్టరుకు ఫోను చేశాను. ఇది మామూలేనని ఆయన చెప్పారు. రక్తం కనిపిస్తే, బిడ్డ డీలాపడితే అది మాత్రం మామూలు కాదు.

కలిపే చేయి

పొడి ఫార్ములా సూక్ష్మక్రిములు లేని వస్తువు కాదు. క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అందులో ఉండే అవకాశం ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 మార్గదర్శకాల్లో నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉన్నప్పుడే పొడి కలపమంది. నీళ్లు మరగకాచి, అరగంటలోపే వాడితే ఆ వేడి మిగిలి ఉంటుంది. ముందు నీళ్లు, తర్వాత పొడి. కలిపి మూత బిగించి, సీసాను చన్నీళ్ల ధార కింద తిప్పుతూ గోరువెచ్చగా చేసి పట్టండి. రెండు గంటల్లో తాగనిది పారేయాలి. కొన్ని ప్రత్యేక ఫార్ములాల్లో మేలు చేసే బ్యాక్టీరియా కలుపుతారు. అంత వేడికి అవి చచ్చిపోతాయి కాబట్టి డబ్బా మీద వేరే సూచన ఉండవచ్చు. అలాంటప్పుడు డాక్టరును అడిగి నిర్ణయించుకోండి.

స్కూపు సంగతి ఇంకా ముఖ్యం. ఒక డబ్బా స్కూపు 30 మిల్లీలీటర్ల నీళ్లకైతే, ఇంకో డబ్బా స్కూపు 60కి ఉంటుంది. పాత డబ్బా స్కూపు కొత్త డబ్బాలో వేసుకుంటే లెక్క తలకిందులవుతుంది. స్కూపును నొక్కకుండా నింపి, శుభ్రమైన చాకు వెనక వైపుతో పైభాగం సమంగా గీయండి. చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు పెరిగి నీరు తగ్గుతుంది. ఖరీదని పలుచన చేస్తే బరువు ఆగుతుంది, ఒంట్లో సోడియం తగ్గి మూర్ఛలు కూడా రావచ్చు.

ఎంత తాగాలి? మొదటి నెలల్లో కిలో బరువుకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్లు. ఐదు కిలోల బిడ్డకు 750 అన్నమాట. ఇందులో సగం కూడా తాగకపోతే రుచి కుదిరేదాకా చూద్దామని వారాలు గడపకండి. రెండు మూడు రోజుల్లోనే డాక్టరుకు చెప్పండి.

పనిచేసిందో లేదో తేల్చుకోవడం

పూర్తిగా కొత్త ఫార్ములాకు మారిన రోజు నుంచి లెక్కపెట్టండి. వాంతులు కొద్ది రోజుల్లో, రక్తపు చారలు ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. ఎగ్జిమాకు నాలుగు వారాలు పట్టవచ్చు. ఆ లోపు మధ్యలో ఫార్ములాలు మార్చితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. నెల రోజుల్లో నాలుగు డబ్బాలు మార్చినవారిని చూశాను. చివరికి వాళ్ల దగ్గర నాలుగు సగం డబ్బాలు ఉన్నాయి గానీ జవాబు లేదు. ఏమీ తగ్గకపోతే మొదట చూడాల్సింది పాలు ఇంకెక్కడి నుంచైనా వస్తున్నాయా అన్నది. కొన్ని ప్రోబయోటిక్ పొడుల్లో, ఇంట్లోవారు ముద్దుగా నాకించిన వేలి చివర, అన్నయ్య తింటున్న బిస్కెట్ ముక్కలో కూడా పాలుంటాయి. అవేవీ కాదని తేలాక అమైనో ఆసిడ్ ఫార్ములా గురించి మాట్లాడాలి. దానితో కూడా తగ్గకపోతే అసలు ఇది పాల అలర్జీయేనా అని మళ్లీ మొదటికి వెళ్లాలి.

తగ్గిందనుకోండి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. తగ్గింది కదా, మళ్లీ పాలిచ్చి గెలకడమెందుకని. కానీ నింపాది అలర్జీలో మళ్లీ ఇచ్చి చూడకపోతే రోగ నిర్ధారణ సగమే అయినట్లు. వయసుతో తనంతట తానే తగ్గిన ఏడుపును ఫార్ములా ఖాతాలో వేసుకుని ఏడాదంతా ఖర్చు పెట్టిన ఇళ్లున్నాయి. డాక్టరు సరేనంటే, తేలిక లక్షణాలున్న బిడ్డకు రోజుకొక సీసాలో 30 మిల్లీలీటర్ల మామూలు ఫార్ములాతో మొదలుపెట్టి, రోజుకు మరో 30 పెంచుతూ వారం రోజులు చూస్తారు. లక్షణాలు తిరిగొచ్చిన రోజే ఆపేసి, అలర్జీ ఖాయమని రాసుకుంటారు. తక్షణ అలర్జీ, ఎఫ్‌పీఐఈఎస్ ఉన్న పిల్లలకు ఇంట్లో ఈ ప్రయత్నం చేయకూడదు. అది ఆసుపత్రిలో, మందులు సిద్ధంగా ఉంచుకుని చేసే పని.

అలర్జీ ఖాయమైతే కనీసం ఆరు నెలలు, లేదా బిడ్డకు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు వచ్చేదాకా ఆవు పాలు దూరంగా ఉంచుతారు. ఆ లోగా నెలనెలా బరువు, పొడవు, తల చుట్టుకొలత నమోదు చేయించండి. ఘనాహారం సుమారు ఆరో నెలలో అందరిలాగే మొదలుపెట్టండి. గుడ్డు, వేరుశనగ వంటి వాటిని భయంతో వాయిదా వేయనక్కరలేదు. ఎగ్జిమా తీవ్రంగా ఉంటే మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడండి. అదే ఫార్ములాతో జావ కలిపితే ఆ రుచి వాడికి తిండిలోనూ అలవాటవుతుంది.

గడువు వచ్చాక నింపాది అలర్జీ ఉన్న పిల్లలకు పాల మెట్లు ఎక్కిస్తారు. పిండిలో కలిపి ఎక్కువసేపు కాల్చిన పాల ప్రొటీన్ రూపు మారుతుంది కాబట్టి మొదటి మెట్టు పాలు కలిపి కాల్చిన బిస్కెట్‌లో చిన్న ముక్క. తర్వాత కేకు, ఆ తర్వాత చీజ్, పెరుగు, చివరన మామూలుగా తాగే పాలు. ఒక మెట్టు పడకపోతే కిందటి మెట్టుకు దిగి కొన్ని నెలలు ఆగుతారు. మా వాడు బిస్కెట్ ముక్క మొదటి రోజే తిన్నాడు. పెరుగు దగ్గర రెండుసార్లు ఆగాడు. మెట్లన్నీ ఎక్కడానికి పట్టిన నాలుగు నెలలూ ఫార్ములా కొనసాగించాం. తెరిచిన డబ్బా చాలావరకు నెలకు మించి పనికిరాదు కాబట్టి, మెట్లు ఎక్కే రోజుల్లో ఒకేసారి నాలుగు డబ్బాలు కొని పెట్టుకోకండి.